ఉంగరం చప్పుడుకు నేర్చిన ఇంగ్లీషు

కైరోకు ఉత్తరాన ఉన్న టాంటా పట్నంలో ఇన్షిరాహ్ ఇంటి ముందుగది సాయంత్రం నమాజు కాగానే ఆడవాళ్ళతో నిండిపోతుంది. వాళ్ళంతా ఖురాన్ పారాయణం నేర్చుకోవడానికి వస్తారు. నేర్పే పద్ధతి ఆమె తండ్రి దగ్గర నుంచి వచ్చింది, ఆయనకు ఆయన గురువు నుంచి. చదివేవాళ్ళు గురువుకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. తప్పు దొర్లితే గురువు నోరు విప్పరు. వేలి ఉంగరంతో బల్ల మీద ఒక్కసారి తడతారు. చదివేవాళ్ళు ఆగి, వెనక్కి వెళ్ళి, తప్పెక్కడో తామే వెతుక్కోవాలి. ఇన్షిరాహ్ వేలికున్న వెండి ఉంగరం తండ్రిదే. ఆ వీధిలో పుట్టి పెరిగిన ఆడపిల్లల్లో ఆ టక్కు చప్పుడుకు ఉలిక్కిపడనివాళ్ళు లేరు.

ఆ మంగళవారం ఆమె ఎదుట ఉమ్ రగబ్ కూర్చుని ఉంది. పక్కింటావిడ, మాటకారి, అందరిలాగే టీచరమ్మను అబ్లా అంటుంది. ముసలితనంలో చదువు మొదలుపెట్టింది. ఒక అక్షరం దగ్గర నాలుక ఒక పట్టాన తిరగడం లేదు.

"నాలుక కొస పళ్ళ మధ్యకు రావాలి," అంది ఇన్షిరాహ్.

"ఏ పళ్ళ మధ్యకు అబ్లా? ఉన్నవే నాలుగు. బయటికొచ్చిన నాలుకకు మళ్ళీ లోపలికి దారి తెలియొద్దూ?"

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే వీధి తలుపు తెరుచుకుంది. ఇన్షిరాహ్ కూతురు రుదైనా లోపలికి వచ్చి చెప్పులు విప్పింది. ఎవరికీ సలాము చెప్పలేదు. ఆ ఒక్కటి చాలు, తల్లికి సంగతి తెలిసిపోవడానికి.

"పరీక్ష పోయిందా?"

"పోయింది. నేను పాడుతున్నానంట."

"పాడటమేంటే?"

"ఓడ ఎన్నింటికో ఫోన్‌లో చెప్పమన్నారు. చెప్పాను. పాట పాడినట్టుంది అన్నారు. ఇంకొక్కసారి చూస్తారట, వచ్చే మంగళవారం. అది కూడా పోతే మళ్ళీ ఆ గడప తొక్కక్కర్లేదు."

రుదైనా యూనివర్సిటీలో ఇంగ్లీషు చదివింది. చదివి, మందుల షాపులో కూర్చుంది. నేర్చిన ఇంగ్లీషంతా సీసాల మీద పేర్లు చదవడానికే సరిపోతోంది. ఇప్పుడు ఊళ్ళో ఒక కంపెనీ తెరిచారు. స్కాట్లాండ్‌కు పడమటి వైపు దీవులున్నాయట. వాటి మధ్య తిరిగే ఓడల టికెట్ల కోసం అక్కడివాళ్ళు ఫోన్ చేస్తే, మాట్లాడేది టాంటా పిల్లలు. మనుషులతో ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగం ఊరు కదలకుండా దొరుకుతుందని ఆ పిల్ల ఎన్నాళ్ళ నుంచో దాని మీదే ప్రాణం పెట్టుకుంది.

అందరూ వెళ్ళాక ఇన్షిరాహ్ టీ పెట్టి, పుదీనా వేసి, కూతురి ముందు పెట్టింది. "నువ్వు మాట్లాడింది నీ ఫోన్‌లో ఉందా? వినిపించు."

"నీకు ఇంగ్లీషు రాదుగా అమ్మా."

"చెవులున్నాయిగా."

రుదైనా ఫోన్‌ను టీ గ్లాసుకు ఆనించి నొక్కింది. చలికాలంలో ఓడలు సోమవారం నుంచి ఎలా నడుస్తాయో చెప్పే నాలుగు వాక్యాలు. "ఫ్రమ్ మండే" అన్నచోట రెండు 'మ'కారాలు కలిసి ముక్కులో నిండుగా మోగాయి. "ఇన్ వింటర్" అన్నచోట 'న'కారం 'వ'కారంలోకి కరిగి, తుమ్మెద రొదలా నిలిచి, అప్పుడు ముందుకు నడిచింది. "గుడ్" అన్న మాట చివర 'డ'కారం నేలకు కొట్టిన బంతిలా పైకి లేచింది.

"ఇందులో తప్పేముందే?" అంది తల్లి. "కలపాల్సిన చోట కలిపావు. మోగాల్సిన చోట మోగింది. ఆగాల్సినంత సేపు ఆగావు."

రుదైనా తలెత్తి తల్లి వంక చూసింది. "అవన్నీ పారాయణానికమ్మా. ఇంగ్లీషుకు లేవు."

"మరెందుకు చేశావు?"

"నేను చేశానా? గదిలో కూర్చుని చదువుకుంటుంటే వంటింట్లోంచి టక్కుమనేది. నేను వెనక్కెళ్ళి దిద్దుకునేదాన్ని. అలవాటు. ఆ చప్పుడు విన్నాక వెనక్కెళ్ళకుండా ఉండటం నాకు చేతనవుతుందా?"

ఇన్షిరాహ్ వేలి ఉంగరం వంక చూసుకుంది. పోయిన వారమంతా ఆ గదిలోంచి వచ్చే మాటలు తెలియకపోయినా అక్షరాలు వినబడుతూనే ఉన్నాయి. 'న'కారం పొడిగా పలికినప్పుడల్లా చేయి దానంతటదే చెక్క మీద పడింది. చేసిన సాయం ఇలా తిరగబడిందన్నమాట. "దేవుడా, నా చేయే," అనుకుంది. పైకి మాత్రం, "సరే. అయితే అసలైన ఇంగ్లీషు ఎలా ఉంటుందో వినిపించు. విని తెలుసుకుంటాను," అంది.

చీకటి పడే నమాజు ముగించుకుని తల్లీకూతుళ్ళు సోఫాలో కూర్చున్నారు. రుదైనా ఒక్కొక్క గొంతూ వినిపించింది. మొదట ఒక అమెరికా మనిషి.

"ఇతను 'ర' అంటున్నాడా? నాలుక ఎక్కడా తగలడం లేదే. నోట్లో వేడి బంగాళాదుంప ఉన్నట్టుంది."

తర్వాత లండన్ పిల్ల. నీళ్ళు కావాలని ఏదో అడుగుతోంది. ఇన్షిరాహ్ ముందుకు వంగింది. "ఆపు, ఆపు. మళ్ళీ వెయ్యి. ఆ మాటలో మధ్య అక్షరాన్ని గొంతులో నొక్కేసింది చూశావా? అది మన హమ్జా అక్షరం కాదూ? లండన్‌వాళ్ళకు హమ్జా ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదమ్మా. అది సోమరితనం అంటారు అక్కడ పెద్దవాళ్ళు."

"అక్షరాలు మింగేసే మన కైరోవాళ్ళను మనం అన్నట్టే." ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. "ఇంకొకటి పెట్టు."

తర్వాత ఒక డాక్టరమ్మ. 'ట' అన్నప్పుడల్లా ఇన్షిరాహ్ తన నాలుకను కూడా పైకి మడిచి చూసుకుంది. "ఈమె నాలుక వెనక్కి మడిచి అంగిట్లో కొడుతోంది. మన భాషలో ఈ 'ట' లేదు. భలే గట్టిగా ఉంది. ఎక్కడిది?"

"ఇండియా."

"అంటే నేర్చుకున్న ఇంగ్లీషు. ఇంగ్లీషామె కాదు."

"చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఇంగ్లీషేనట అమ్మా. మరి ఎవరిది సొంతమో, ఎవరు నేర్చుకున్నవాళ్ళో నాకూ తెలియడం లేదు. నేను అమెరికావాడి దగ్గర 'ర' తీసుకున్నాను. లండన్ వార్తలామె దగ్గర 'ఆ' తీసుకున్నాను. ఎక్కడ ఏది బాగుంటే అది."

ఇన్షిరాహ్ వేలి ఉంగరం తడుముకుంది. ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు. ఒకసారి ఊళ్ళోని బదవీ మసీదు ఉత్సవానికి వచ్చిన మొరాకో మనిషి వాళ్ళింట్లో బస చేశాడు. పొద్దున్నే అతను చదువుతుంటే ఇంట్లో పిల్లలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు తెలిసిన చోట తెలిసిన శబ్దం రావడం లేదు. తండ్రి మాత్రం ఉంగరం తట్టలేదు. చివరిదాకా విని, అతని ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, "ఎవరి దగ్గర తీసుకున్నారు?" అని అడిగాడు. అతను తన గురువు పేరు చెప్పాడు, ఆ గురువు గురువు పేరు చెప్పాడు, అలా చెబుతూనే పోయాడు. తండ్రి కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత పిల్లలతో అన్న మాట ఒక్కటే. "ఆయనది ఒక పఠనం. మనది ఒకటి. రెండూ సరైనవే. రెంటినీ ఒక నోట్లో కలిపితేనే తప్పు."

"రేపు నేనూ నీతో వస్తాను," అంది ఇన్షిరాహ్.

"ఎక్కడికి?"

"మీ మాస్టారి దగ్గరికి. ఒక్క మాట అడగాలి."

"అమ్మా, నన్ను నవ్వులపాలు చేయకు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారులే. నువ్వు తెలియనట్టు నిలబడు."

కంపెనీలో శిక్షణ ఇచ్చే ఉస్తాజ్ రమ్జీ నెరిసిన జుట్టు, వదులు కోటు మనిషి. నల్లటి ముసుగులో నిలబడిన పెద్దావిడను చూసి గబగబా లేచి కుర్చీ వేశాడు. గదిలో మరో అయిదారుగురు పిల్లలు చెవులకు తగిలించుకున్నవి తీసేసి చూస్తున్నారు.

"అడగండి హాగ్గా," అన్నాడు, పెద్దావిడలను పిలిచే మర్యాదతో.

"మీరు ఇంగ్లీషు ఎవరి దగ్గర తీసుకున్నారు?"

రమ్జీకి ప్రశ్న అర్థం కాలేదు. "డిగ్రీ కైరోలో..."

"డిగ్రీ కాదు నాయనా. ఎవరి నోటి నుంచి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రుదైనా గోడ వంక తిరిగింది. కానీ రమ్జీ నవ్వలేదు. చేతిలోని కలం బల్ల మీద పెట్టేశాడు.

"ఇన్నేళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు," అన్నాడు. "చిన్నప్పుడు అలెగ్జాండ్రియాలో నన్‌ల బడిలో చదివాను. సిస్టర్ ఫిలోమెనా అని ఒకావిడ. నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి నేర్పేది. ఐర్లాండ్ ఆమె. ఇప్పటికీ నేను కొన్ని మాటలంటే ఇంగ్లండువాళ్ళు నవ్వుతారు, ఐర్లాండ్‌వాళ్ళు ఏ ఊరని అడుగుతారు."

"ఆమె ఎవరి దగ్గర తీసుకుందో?"

"వాళ్ళమ్మ దగ్గరేనేమో. అడగలేదండీ. అడగాల్సింది."

"నా కూతురు ఎవరి దగ్గరా తీసుకోలేదు," అంది ఇన్షిరాహ్. "ఫోన్‌లో నలుగురి దగ్గర నాలుగు ముక్కలు ఏరుకుంది. పైన నేను మా పారాయణం కలిపాను. ఒకే నోట్లో ఇన్ని పఠనాలు కలిస్తే పాటలాగే ఉంటుంది మరి. ఎవరిది అసలు ఇంగ్లీషో చెబితే అదొక్కటే పట్టుకుంటుంది."

రమ్జీ ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నాడు. "అసలైనదనేది నాకూ దొరకలేదు హాగ్గా. దొరికిందన్నవాళ్ళను చాలామందిని చూశాను, ఇద్దరి మాట ఒకటి కాదు. మీ పారాయణంలా దీనికి గురువుల వరస రాసి పెట్టినవాళ్ళు లేరు. ఎవరి అమ్మ మాట వాళ్ళది. అయినా ఫోన్ చేసేవాళ్ళకు మా పిల్లలు అమెరికావాళ్ళలా ఉండక్కర్లేదు. ఓడ ఎప్పుడో తెలియాలి. వాళ్ళు చెప్పే ఊరు మాకు తెలియాలి. అంతే. కలగాపులగం మాత్రం వినేవాళ్ళకు అలుపు, అది మీరన్నది నిజమే." రుదైనా వైపు తిరిగాడు. "రేపటి నుంచి సాయంత్రం ఒక గంట నా ఎదురుగా కూర్చో. నాది ఐర్లాండ్ వాసన కొట్టే టాంటా ఇంగ్లీషు. నచ్చితే తీసుకో. ఫోన్‌లో వినడం ఆపేయ్."

"మోకాలికి మోకాలు," అంది ఇన్షిరాహ్.

"మధ్యలో బల్ల ఉంటుందిలెండి," అన్నాడు రమ్జీ, కాస్త కంగారుగా. ఈసారి గదిలో అందరూ నవ్వారు, గోడ వైపు తిరిగిన రుదైనాతో సహా.

ఆ వారం ఇన్షిరాహ్‌కు కష్టంగా గడిచింది. కూతురు గదిలో చదువుతూ ఉంటుంది. 'న'కారం పొడిగా, బోసిగా వచ్చి పడుతుంటుంది. తల్లి చేయి లేస్తుంది. ఉంగరం తీసేద్దామని సబ్బు నురగ పెట్టి తిప్పింది, నూనె రాసింది. ఏళ్ళ తరబడి కండలో ఇమిడిపోయిన ఉంగరం కదిలితేనా. చివరికి కూతురు చదివినంత సేపూ ఏదో ఒక పిండి పిసుకుతూ కూర్చునేది. ఆ వారం వాళ్ళింట్లో రొట్టెలు ఎక్కువయ్యాయి.

ఆమె మనసులో ఒక భయం కూడా ఉంది. పొడి 'న'కారం అలవాటైన నోరు రేపు పారాయణంలో మోగడం మరిచిపోతే? తెల్లవారుజామున నమాజు తర్వాత రుదైనా చదువుతుంటే తలుపు వెనక నిలబడి విన్నది. మోగాల్సిన చోట మోగింది. ఒక నోట్లో రెండు అలమరలు ఉండొచ్చన్నమాట, దేనికి దానికి తాళం ఉంటే. దేవుడు నాలుకలను ఇన్ని రకాలుగా ఎందుకు చేశాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ పొద్దున అడిగింది. జవాబు రాకపోయినా అడగడం బాగానే ఉంది.

మంగళవారం పరీక్ష ఇంటికే ఫోన్‌లో వచ్చింది. అవతల దీవుల ఓడల ఆఫీసు నుంచి ముర్డో అనే పెద్దాయన మాట్లాడతాడు. రమ్జీ మధ్యలో మౌనంగా వింటాడు. రుదైనా ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టుకుని ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుంది. వంటింట్లో ఇన్షిరాహ్ ఒక పెద్ద పళ్ళెం నిండా బియ్యం, టమాటా, సోపాకు కలిపి, తొలిచిన గుమ్మడి పిందెల్లో కూరుతోంది. రెండు చేతులూ మణికట్టు దాకా బియ్యంలోనే ఉన్నాయి. అడక్కుండానే వచ్చిన ఉమ్ రగబ్ స్టూలు లాక్కుని పక్కన చేరింది.

"నోరు మెదిపావంటే ఆ పిందెను నీ నోట్లో కూరుతాను," అంది ఇన్షిరాహ్.

"మెత్తగా ఉడికాక కూరు అబ్లా."

ఫోన్‌లోంచి ముర్డో గొంతు వచ్చింది. ఇన్షిరాహ్ చేతులు ఆగాయి. ఆ గొంతు వింతగా ఉంది, అయినా ఎక్కడో విన్నట్టే ఉంది. 'ర'కారం నాలుక కొస మీద గింగిరాలు తిరుగుతోంది, మన 'ర'కారంలాగే. మాట నీటి మీద పడవలా లేస్తూ దిగుతూ వస్తోంది.

"ఈయనా పాడుతున్నాడే," అని గొణిగింది ఉమ్ రగబ్.

ఇన్షిరాహ్ మోచేత్తో పొడిచింది. కానీ ఆమెకూ అదే తోచింది.

రుదైనా జవాబులు చెబుతోంది. మామూలుగా, తొందర లేకుండా. ఒకచోట 'మ'కారం కాస్త మోగింది, వెంటనే సర్దుకుంది. అంతలో ముర్డో పొడుగ్గా ఏదో అడిగాడు. మాటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చివర ఏదో ఊరి పేరు, గొంతులోంచి గీరుకుంటూ వచ్చింది.

ముందుగది నిశ్శబ్దమైపోయింది. కుళాయి చుక్క పడటం వినిపిస్తోంది. పిల్లకు అర్థం కాలేదు, తల్లికి తెలుస్తూనే ఉంది. మొదటి పరీక్షకు ముందు స్నేహితురాళ్ళు చెప్పిన చిట్కా ఒకటుంది. అర్థం కాకపోతే "తప్పకుండా సార్" అని నవ్వి ముందుకు పోవడమే. రుదైనా ఆ మాటే అనబోతున్నట్టు గాలి పీల్చింది. ఇన్షిరాహ్ కుడిచేయి బియ్యంలోంచి పైకి లేచింది. వేలికి బియ్యపు గింజలు, మధ్యలో ఉంగరం. చెక్క బల్ల జానెడు దూరంలో ఉంది. ఉమ్ రగబ్ కళ్ళు పెద్దవి చేసింది.

చేయి గాలిలోనే ఆగింది. ఇన్షిరాహ్ దాన్ని మెల్లగా మళ్ళీ బియ్యంలోకి దించింది.

రుదైనా గొంతు వినిపించింది. ఆమె ఏమన్నదో తర్వాత తనే చెప్పింది. "సార్, నాకు తెలియలేదు. దయచేసి మళ్ళీ నెమ్మదిగా అనండి. మీ వెనకే నేనూ అంటాను." ముందుగదిలో గురువు ఎదుట కూర్చున్న ఏ పిల్లైనా, మాట సరిగా అందనప్పుడు అడిగేది అదే.

ముర్డో మళ్ళీ అన్నాడు. రుదైనా అన్నది. అతను ఇంకోసారి అన్నాడు. ఆ పేరు చివర "లోఖ్" అని ఉంది. ఇప్పుడు ఇన్షిరాహ్‌కు స్పష్టంగా వినిపించింది. గొంతు పైభాగం నుంచి, పూర్తి గరుకుతో, ఏ లోటూ లేని 'ఖ'.

"మన అక్షరం," అంది తనలో తాను. "అంత దూరం ఎలా పోయింది?"

రుదైనా ఆ పేరు పలికింది. పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్న అక్షరమే, కష్టమేముంది. తర్వాత ముర్డో ఏదో అడిగాడు, రుదైనా జవాబు చెప్పింది, అతను నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. ఆపైన ఓడ వేళ, కారుకు చోటు, ఏవో మామూలు మాటలు. ఫోన్ అయిపోయింది.

ఇన్షిరాహ్ బియ్యం చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏమడిగాడు? నవ్వాడెందుకు?"

"ఆ 'ఖ' నీకెలా వచ్చిందమ్మాయీ అన్నాడు. వాళ్ళ పట్నంలో పిల్లలు 'క' అంటారట, వాళ్ళకిప్పుడు రావడం లేదట. మా అమ్మ దగ్గర తీసుకున్నానన్నాను." రుదైనా చెంపలు ఎర్రబడ్డాయి. "ఆయనకూ వాళ్ళమ్మ దగ్గర నుంచేనట. అమ్మ ఇంట్లో ఇంగ్లీషు కాదు, వాళ్ళ దీవి భాష మాట్లాడేదట. ఇంగ్లీషు ఆయన బడిలో నేర్చుకున్నాడు."

"నేర్చుకున్నవాడా?" ఇన్షిరాహ్ గుమ్మానికి ఆనుకుంది. "స్కాట్లాండ్ మనిషి కదే."

"అదే మరి."

"అయితే ఇంగ్లీషు సొంతమైనవాళ్ళు ఎవరున్నారు ఇంక?"

రుదైనాకు ఆ ప్రశ్న పట్టలేదు. ఫోన్ రెండు చేతుల మధ్య పట్టుకుని దాని వంకే చూస్తోంది. పిందెలు ఉడికి, చల్లారి, మళ్ళీ వేడి చేసే వేళకు రమ్జీ దగ్గర నుంచి కబురు వచ్చింది. తీసుకున్నారు. సాయంత్రాలు తన దగ్గర ఇంకో నెల కూర్చోవాలి. అర్థం కాకపోతే ఇవాళ అడిగినట్టే అడగాలి. కింద ముర్డో అన్న మాట ఒకటి చేర్చాడు. "అక్కడక్కడ పాడుతుంది. మా పిన్నీ అంతే. పరవాలేదు."

ఉమ్ రగబ్ సంతోషం పట్టలేక, పెళ్ళింట్లో వేసినట్టు నాలుక ఆడిస్తూ కీచుమని కూత వేసింది. పళ్ళు లేకపోయినా అది మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

మర్నాడు సాయంత్రం ముందుగదిలో మళ్ళీ చాప పరిచారు. ఉమ్ రగబ్ ఎదురుగా కూర్చుని చదువుతూ, ఎప్పటి అక్షరం దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే జారిపోయింది. ఇన్షిరాహ్ చేయి లేచింది.

"ఆగబ్లా," అంది ఉమ్ రగబ్. "ఇన్ని రకాల పఠనాలున్నాయంటివి. నాది కూడా ఒకటేమో."

"కావచ్చు. ఎవరి దగ్గర తీసుకున్నావు?"

"మా అమ్మ దగ్గర."

"ఆవిడకు పళ్ళుండేవా?"

"చివర్లో లేవు పాపం."

"ముందు ఉండేవిగా. అప్పుడెలా అనేదో గుర్తు తెచ్చుకో," అంది ఇన్షిరాహ్, ఉంగరంతో బల్ల మీద ఒక్కసారి తడుతూ.